పంజరంలోని పిట్టకు పెట్టిన రోజు

మొన్న మా వీధిలో ఒక పెద్దమనిషి పోతే ఆయన పదోనాటి కర్మకు కాకిని ఆటోలో తెచ్చారు.

ఇప్పుడు కాకులు కరువయ్యాయి. విస్తరిలో అన్నం పెట్టి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా మెడలు నొప్పిపుట్టేలా ఆకాశం చూసినా ఒక్కటి దిగలేదు. చివరికి పట్నంలో కాకిని కిరాయికిచ్చేవాడు ఒకడు దొరికాడు. ఇనుప పంజరం, అందులో ఒక బక్క కాకి. దాన్ని విస్తరి పక్కన దించగానే పంచాయితీ మొదలైంది. పంజరంలో కాకి ముడితే ముట్టినట్టా కాదా? ముట్టినట్టే అన్నారు కొందరు. అది తనంతట తాను వచ్చిందా, ఎట్లా చెల్లుతుంది అన్నారు ఇంకొందరు. ఆఖరికి అందరూ నా వైపు తిరిగారు. వీధిలో నాకంటే పెద్దవాళ్ళు ఇద్దరే మిగిలారు, వాళ్ళిద్దరికీ చెవులు వినపడవు. అందుకే నన్ను అడిగారు, నా తెలివి చూసి కాదు.

విస్తరిలో వేయించిన నువ్వుల పొడి ఉంది. ఆ వాసన, తుప్పు చువ్వల వాసన కలిసి నన్ను ఎత్తుకుపోయి ఖతర్‌లో పడేశాయి.

అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. పాస్‌పోర్టులో మాత్రం ఇరవై మూడు. అక్షరం ముక్క రాదు. బడికి పొమ్మంటే బర్రెల వెంట పోయినవాణ్ణి. ఏజెంటు చూపించిన చోటల్లా వేలిముద్ర వేశాను. రెండేళ్ళు నిండేదాకా కదిలేది లేదని అతను నోటితో చెప్పాడు. మోసమేమీ చేయలేదు. మోసం చేసింది నేను.

బస్సు ఎక్కేటప్పుడు బాపు అడిగాడు. బాపు అంటే మా నాన్న.

"మల్ల ఎప్పుడొస్తవ్ ర?"

"మక్కలు కోతకొచ్చెటాల్లకు వస్త బాపూ."

"అయితే నువ్వొచ్చినంకనే కోస్త తీయ్."

రెండేళ్ళని చెబితే పోనివ్వడు. అందుకని అన్నాను. ఆ ఏడు మక్కచేను కంకులు ఎండి, చిలకలు పొడిచి, సగం రాలిపోయేదాకా కోయకుండా ఆపాడట. ఆ సంగతి నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది.

మా క్యాంపు అల్ ఖోర్ దాటి ఇంకా పైకి, ఏమీ లేని చోట ఉండేది. నేల కింద నుంచి నూనె వస్తున్నదని, దేశం రోజుకో మేడ లేపుతున్నదని అనేవాళ్ళు. మాకు కనబడింది సిమెంటు, ఇసుక, చుట్టూ తీగ కంచె. గదికి పన్నెండు మంది. తడి బనియన్లు, చెమట, మలయాళీ వంటవాడు మాడ్చిన పప్పు, అన్నీ కలిసి ఒకటే వాసన. శుక్రవారం ఒక లారీ మమ్మల్ని దోహాలోని నజ్మా బజారుకు తీసుకుపోయి, పొద్దు మునగకముందే తెచ్చి పడేసేది. ఊళ్ళో అందరూ నన్ను దుబాయ్ పోయిండని చెప్పుకునేవాళ్ళు. ఖతర్ అని ఒకటుందని బాపుకు చచ్చేదాకా తెలియదు.

నా ఉత్తరాలు టైంకీపర్ గారు రాసేవాడు. గోదావరి జిల్లా మనిషి. డిగ్రీ చదువుకొని మా పని గంటలు రాసే ఉద్యోగానికి అంత దూరం వచ్చాడు. నేను చెప్పేది రెండు ముక్కలే. నేను బాగున్న, నువ్వు బాగుండు. ఆయన మాత్రం పేజీ నిండా రాసేవాడు. చదువుకున్నవాళ్ళకు రెండు ముక్కలు చెప్పడానికి అంత జాగా కావాలేమో అనుకునేవాణ్ణి.

రెండో ఏడు మక్కల కోతల కాలమది. ఒకరోజు ఆయన పని దగ్గరికే వచ్చాడు.

"ఒరే అబ్బాయ్, ఇలా వచ్చి కూర్చో."

"ఎందుకు సార్, పని మీదున్న."

"కూర్చోమన్నానా!"

ఆయన చేతిలో టెలిగ్రాము ఉంది. బాపు పోయి అప్పటికి ఆరు రోజులు.

ఆఫీసుకు పోయాం. ఆ దేశం నుంచి బయటికి పోవాలంటే యజమాని కాగితం ఇవ్వాలి. ఖురూజ్ అంటారు. నా పాస్‌పోర్టు మేనేజరు వెనక ఉన్న ఇనుప బీరువాలో ఉంది. బీరువా నాకు ఆరడుగుల దూరంలో ఉంది. మేనేజరు తల ఎత్తకుండానే మూడుసార్లు మాఫీ అన్నాడు. మాఫీ అంటే లేదు. టైంకీపర్ గారు అరబ్బీలోనూ, ఇంగ్లీషులోనూ బతిమిలాడాడు. బయటికొచ్చాక అన్నాడు: "ఇంకా ఎనిమిది నెలలుందంటున్నాడ్రా. తగలేసేశారు కదా, ఇప్పుడు వెళ్ళి ఏం చేస్తాడంటున్నాడు."

నేను ఏడవలేదు. ఆ బీరువా తాళం ఎక్కడ పెడతాడా అని ఆలోచించాను. నిజం చెప్తున్నాను.

గదిలో మా పక్క ఊరి మేస్త్రి ఉండేవాడు. వరుసకు మామ. చావు పుట్టుకల శాస్త్రం ఆయన నోట్లోనే ఉండేది. నా తల గొరుగుతూ అన్నాడు: "అగ్గి పెట్టనీకె పోకపోతివి. పదోనాడన్న పిట్టకు పెట్టాలె అల్లుడా. ఊళ్ళె మీ చిన్నాయిన పెడ్తడు. గని పెద్దకొడుకు చెయ్యి వేరు. పిట్ట ముట్టకపోతె మీ బాపు గడప కాడనే కూసుంటడు, ఎటూ పోడు."

"ఈడ పిట్టేది మామా?"

అదే చిక్కు. మా క్యాంపులో చెట్టు లేదు. చెట్టు లేదు కాబట్టి పిట్ట లేదు. ఈగలు మాత్రం మస్తుగా ఉండేవి. సముద్రం ఒడ్డున తెల్ల పక్షులున్నాయిగానీ కంచె దాటి అంత దూరం ఎవడు పోనిస్తాడు? దోహా రేవులో కాకులున్నాయన్నాడొకడు. పదోనాడు శుక్రవారం కాదు, లారీ లేదు.

అప్పుడు టైంకీపర్ గారు అన్నాడు: "చైనా క్యాంపులో వంట తాత దగ్గర ఓ పక్షుందండీ. నేను చూశాను."

రోడ్డుకు అవతల ఇంకో కంచె, ఇంకో క్యాంపు. వాళ్ళను చైనావాళ్ళు అనేవాళ్ళం. ఏ దేశం, ఏ ఊరు అని అడిగే భాష మాకు లేదు. వాళ్ళు కప్పలు తింటారని మేము, మేము పేడ పూసుకుంటామని వాళ్ళు అనుకునేవాళ్ళం. అదృష్టమో ఏమో, నా పదోనాడే వాళ్ళ పండగ. పున్నమి చంద్రుణ్ణి చూసే పండగట. పక్క క్యాంపులవాళ్ళు డ్యూటీ అయ్యాక వచ్చి చూడొచ్చని పిలిచారు. పొద్దు మునిగి సైరను మోగేలోపు తిరిగి రావాలని మా గేటు కాడి పఠాను వేలు చూపించి పంపాడు.

పొద్దున్నుంచి నేను పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. పిట్ట ముట్టేదాకా తినకూడదు. స్టీలు డబ్బాలో అన్నం, మామ దాచుకున్న ఊరి బీడీ ఒకటి పట్టుకొని రోడ్డు దాటాం. నేను, మామ, టైంకీపర్ గారు.

లోపలికి పోయి నోరు తెరిచి నిలబడ్డాను. వాళ్ళు తమ పట్నాన్ని కట్టుకున్నారు! మాలాగే రేకు గదులే వాళ్ళవీ. కానీ రెండు వరుసల మధ్య బజారు లేపారు. ప్రతి తలుపు ముందు ఎర్ర కాగితపు దీపం. వెల్డర్లు నూనె డ్రమ్ములు కోసి, అంచులు పైకి వంచి, తొమ్మిది అంతస్తుల గోపురం నిలబెట్టారు. తెగిన పైపు ముక్కలతో వంపు తిరిగిన వంతెన. వంతెన కింద నదికి బదులు నీలం టార్పాలిన్. ఒక పడవ కూడా ఉంది, సిమెంటు కలిపే తొట్టి అది.

ఇక తిండి సంగతి చెప్పకూడదు, ఆ రోజు నా కడుపుకు తెలుసు. వెదురు బుట్టల్లోంచి ఆవిరి లేస్తోంది. ఒకడు పిండి ముద్దను రెండు చేతులా సాగదీసి, మడిచి, మళ్ళీ సాగదీస్తే దారాలైపోతోంది. పుల్లలకు గుచ్చిన మాంసం బొగ్గుల మీద చిటపటమంటోంది. టీ నీళ్ళలో ఉడికిన గుడ్లు నల్లగా, పగుళ్ళుబారి ఉన్నాయి. పుల్లటి సిర్కా వాసన, ఎర్ర కారం నూనె వాసన. అరచేతంత రొట్టెల మీద అచ్చు వేసిన అక్షరాలు. అక్షరాలను తింటున్నారు! నాకు రానివి వాళ్ళు నములుతున్నారు.

"అల్లుడా, సూసుకొని నడువు. పాము కూర గూడ ఉంటదట," అన్నాడు మామ ముక్కు మూసుకొని.

టైంకీపర్ గారు అప్పటికే నల్ల గుడ్డు ఒలుస్తున్నాడు. "గుడ్డు గుడ్డేనండీ. కోడి చైనాదైతే మనకేం పోయింది?"

"దినాలకొచ్చినవా, దావతుకొచ్చినవా సారూ?"

"కర్మ అతనిదండీ, ఆకలి నాది."

మామ నవ్వేశాడు. నాకూ నవ్వొచ్చింది. బాపు పదోనాడు నవ్వానే అని సిగ్గేసింది.

వంట తాత బజారు చివర పెద్ద పెనం ముందున్నాడు. పొట్టి మనిషి, నాలుగు వెంట్రుకల గడ్డం. నా గుండు చూశాడు. అట్లకాడ పక్కన పెట్టాడు. ఆకాశం వైపు వేలు చూపి, క్యాంపుల్లో అందరూ మాట్లాడే కలగాపులగం భాషలో అడిగాడు: "బాబా? ఖలాస్?"

తల ఊపాను.

ఆయన పెనం కింద మంట తగ్గించి, నా చెయ్యి పట్టుకొని తన పట్నం చూపించాడు. గోపురం కాడ ఆగి, మెడ వెనక్కి వంచి, చాలా ఎత్తు అన్నట్టు చెయ్యి లేపాడు. వంతెన మీద నడిపించాడు. నాలుగు అడుగుల్లో అయిపోయింది. అవతల ఒక రేకు గోడ మీద తలుపు బొమ్మ గీసి ఉంది. గొళ్ళెం, గుమ్మం, గుమ్మం పక్కన ఒక ముసలమ్మ చెప్పులు కూడా గీశారు. అది ఆయన ఇల్లు. వేలితో టక టక తట్టి, చెవి ఆనించి విన్నట్టు చేసి, ఎవరూ లేరన్నట్టు చేతులు తిప్పి నవ్వాడు. నేనూ తట్టాను. రేకు మోగింది.

ఇంత పట్నం చుట్టూ మా కంచెలాంటి కంచే ఉంది. వాళ్ళ గేటు కాడా ఒక పఠానే.

పంజరం ఆయన గది చూరుకు వేలాడుతోంది. అందులో ఉన్నది కాకి కాదు. కొండ గోరింక. కాకిలాగే నల్లగా, చెంపలకు మాత్రం పసుపు రాసుకున్నట్టు ఉంది. దోహా పక్షుల బజారులో కొన్నాడట. ఇండియా, ఇండియా అని దాన్ని చూపించి, మమ్మల్ని చూపించాడు.

మామ దాని చుట్టూ తిరిగి చూశాడు. "మన దిక్కుదే. మన లెక్కనే ఓడెక్కి వచ్చిందిది. గని పిట్ట మన కాడికి రావాలె. మనం పిట్ట కాడికి పోవుడేందిర?"

"వచ్చే వీలు దానికి లేనప్పుడు మనమే వెళ్ళాలి కదండీ," అన్నాడు టైంకీపర్ గారు.

మామ కాసేపు గడ్డం గోక్కున్నాడు. "నల్లగున్నది. పసుపున్నది. కానీయ్."

అన్నం, బీడీ పెట్టడానికి ఆకు లేదు. తాత ఎండు వెదురాకు తెచ్చి నీళ్ళతో తుడిచి ఇచ్చాడు. బాపుకు ఇష్టమైనదేదైనా ఉండాలి. బాపుకు సర్వపిండి అంటే ప్రాణం. బియ్యప్పిండిలో నువ్వులు, ఉల్లాకు కలిపి గిన్నెకు ఒత్తి కాల్చే రొట్టె. అమ్మ కాలుస్తుంటే పొయ్యి కాడి నుంచి లేచేవాడు కాదు. ఈ ఎడారిలో అదెక్కడిది అనుకుంటుంటే నా ముక్కుకు ఆ వాసనే తగిలింది. తాత పెనం మీద ఉల్లాకు, నువ్వులు ఒత్తిన రొట్టె కాలుతోంది. పిండి గోధుమది. అయితేనేం. నేను చూపించకముందే ఆయన అంచు మాడిన ముక్క తుంచి నా చేతిలో పెట్టాడు. చచ్చినవాళ్ళకు తిండి పెట్టే సంగతి ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు. మూడు అగరువత్తులు వెలిగించి పంజరం చువ్వకు గుచ్చాడు కూడా.

అన్నీ లోపల పెట్టి దండం పెట్టాను. "ముట్టు బాపూ."

గోరింక ఓ కన్నుతో చూసింది. వీపు తిప్పింది. తర్వాత గొంతు విప్పి మా డ్యూటీ సైరను కూసింది. అచ్చం అదే కూత. పక్కనున్న చైనా కుర్రవాళ్ళు పగలబడి నవ్వారు.

"పొద్దు మూరెడే ఉన్నది," అన్నాడు మామ. పొద్దు మునిగాక పెట్టింది చెల్లదు.

పిట్ట ముట్టకపోతే చచ్చిన మనిషికి మనసులో ఏదో మిగిలిందని అర్థం. అదేదో కనుక్కొని మాట ఇవ్వాలి. మామ పంజరానికి మొక్కి మొదలుపెట్టాడు. "బావా, నీ చేను బీడు వెట్టడు నీ కొడుకు. ముట్టు." ముట్టలేదు. "మా అక్కను మంచిగ అర్సుకుంటడు. ముట్టు బావా." గోరింక కూర్చున్న పుల్ల దిగి మళ్ళీ ఎక్కింది. "నీ కొడుకు జల్ది వస్తడు." ముక్కును చువ్వకు రాసుకుంది.

"ఇగ నువ్వే చెప్పుర. నీ నోటితోని చెప్పు."

నోరు తెరిస్తే అలవాటైన మాటే వచ్చింది. "బాపూ, మక్కలు కోతకొచ్చెటాల్లకు వస్త."

గోరింక రెక్కల్లో తల దూర్చుకుంది.

చుట్టూ ఉన్న చైనావాళ్ళంతా బజారు వదిలి తూర్పు వైపు కంచె దగ్గరికి పోతున్నారు, చంద్రుడు లేస్తాడని. మేము ముగ్గురమే పడమరకు భయపడుతూ నిలబడ్డాం. పొద్దు ఇసుకను తాకింది. తాత నీలం గుడ్డ ఒకటి తెచ్చి చేతిలో పట్టుకున్నాడు. చీకటి పడితే పంజరానికి గుడ్డ కప్పాలి. నా వైపు చూస్తూ ఆగాడు, కప్పలేదు.

పంజరం చువ్వలు రెండు చేతులా పట్టుకున్నాను.

"బాపూ, నేను రాను. రాలేను. ఆనాడు గూడ నాకు ఎరికే. రెండేండ్లని ఎరికే ఉండి నీకు అబద్ధం చెప్పిన. నువ్వు పోనియ్యవని చెప్పిన. నా కాగితం బీరువల ఉన్నది, బీరువ తాళం ఆళ్ళ కాడున్నది. నువ్వు నా కోసం గడప కాడ కూసోకు. మక్కలు కోసుకో. నువ్వు పో బాపూ."

మామ నా భుజం మీద చెయ్యి వేయబోయి ఆగిపోయాడు. టైంకీపర్ గారు కళ్ళద్దాలు తీసి, మా వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. ఆయనకేమైందో నాకు అప్పుడు అర్థం కాలేదు.

గోరింక రెక్కల్లోంచి తల తీసింది. కిందికి దూకింది. అన్నం వైపు చూడలేదు. రొట్టె ముక్క మీద నువ్వులు ఒకటి, రెండు, మూడు ఏరుకొని తిన్నది.

"ముట్టింది!" మామ అరిచాడు. అదే క్షణాన తూర్పు కంచె కాడ చైనావాళ్ళంతా ఒక్కసారి హోయ్ అని కేక వేశారు. చంద్రుడు లేచాడు. వాళ్ళ కేక వాళ్ళ చంద్రుడికే గానీ, నాకు మాత్రం ఊరంతా వచ్చి నిలబడి కేక వేసినట్టయింది.

దానికి నువ్వులంటే ఇష్టమని తాత తర్వాత సైగ చేసి చెప్పాడు. ఉండనీ. బాపుకూ ఇష్టమే.

పెనం మీది రొట్టె మొత్తం నా చేతిలో పెట్టి తినమన్నాడు తాత. నిలబడే తిన్నాను, నాలుక కాలుతున్నా తిన్నాను. అంతలో సైరను మోగింది. ఈసారి గోరింక కాదు, మాదే. పరుగెత్తి గేటు దాటాం. వెనక్కి చూస్తే కంచె అవతల ఎర్ర దీపాల మధ్య ఆ డ్రమ్ముల గోపురం కనబడింది. మర్నాడు పనికిపోతూ చూస్తే విప్పేశారు. డ్రమ్ములు డ్రమ్ముల కాడ, పైపులు పైపుల కాడ.

ఎనిమిది నెలలు కాదు, పదకొండు నెలలకు కాగితం ఇచ్చారు. ఇంటికొచ్చాను. మళ్ళీ పోలేదు.

నలభై దాటాక ఊళ్ళో రాత్రి బడి పెడితే పోయి కూర్చున్నాను. నా కొడుకు పలక నాదైంది. పిల్లలు నవ్వారు, నవ్వనీ అన్నాను. కూడబలుక్కొని చదవడం వచ్చిన ఏడు అమ్మ పెట్టె అడుగున నా ఉత్తరాలు దొరికాయి. బాపు పోయేదాకా పంపినవి పదకొండు. టైంకీపర్ గారి గుండ్రటి రాత. నేను చెప్పిన రెండు ముక్కలున్నాయి. అందరినీ అడిగానని, ఇక్కడ ఎండలు తగ్గాయని, నేను చెప్పనివి చాలా ఉన్నాయి. చివరి వరుస అన్నిటిలో ఒకటే. వేలు పెట్టి అక్షరం అక్షరం చదివాను.

'దిగులు పెట్టుకోకు నాన్నా. పంట కోతకొచ్చేసరికి నీ ముందుంటాను.'

కోతల మాట ఆయనకు ఎప్పుడో నేనే చెప్పాను. నేను అబద్ధం ఒకసారే చెప్పాను. ఆయన పదకొండుసార్లు రాశాడు. పోస్టుమేన్ చదివితే బాపు పదకొండుసార్లు విన్నాడు. ఆ రోజు పంజరం ముందు ఆయన ఎందుకు వీపు తిప్పాడో అప్పుడు తెలిసింది. కోపం వచ్చింది, దాచను. దొరికితే నాలుగు తిడదామనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, ఆయన ఇంటికి ఆయన ఏం రాసుకునేవాడో అనిపించింది. ఆయన పాస్‌పోర్టూ ఆ బీరువాలోనే ఉండేది.

"ఏంది తాతా, చెప్పవేంది? చెల్లుతదా, చెల్లదా?" మా వీధివాళ్ళు ఇంకా నా ముఖమే చూస్తున్నారు. చచ్చిపోయినాయన కొడుకు బెంగుళూరు నుంచి వచ్చాడు, గుండు మీద చెమట తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఆ ముసలాయన నాతో అరుగు మీద కూర్చున్నప్పుడల్లా, వచ్చే ఆదివారం మావాడు వస్తున్నడు అనేవాడు. నాలుగేళ్ళు అన్నాడు.

"చెల్లుతది," అన్నాను. "పిట్ట పంజరంల ఉంటె తప్పు లేదు బిడ్డా. మీ నాయినకు చెప్పిన అబద్ధాలేమన్న ఉంటె ముందుగాల అవి ఒప్పుకో. అటెనుక ముట్టుమను."

అతను నన్ను కోపంగా చూశాడు. తర్వాత చూపు దించుకున్నాడు. పంజరం ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మేమంతా నాలుగు అడుగులు వెనక్కి జరిగాం.

చాలాసేపు పట్టింది అతనికి.